గ్రిప్పులకు గాసునూనె

లింబాయత్, సూరత్
3 ఆగస్టు 2025

అన్నా,

నువ్వు సూరత్ విడిచి సిరిసిల్ల చేరి ఏడాదిన్నర అయింది. చెవులు ఎట్లున్నాయని అడగను. అడిగితే "ముప్పై ఏండ్లు మగ్గాల నడుమ నిలబడ్డోనికి చెవులేందే" అంటావు. ఫోన్ చేస్తే ప్రమీల వదిన నీ చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, అప్పుడు నా ఇంటి సంగతి మీ వాడకట్టంతా వింటుంది. వాట్సాప్‌లో తెలుగు కొట్టడం నాకు రాదు, అది తెరిచి చూడటం నీకు రాదు. అందుకే ఈ కాగితం.

మీ బావ మగ్గం పని మానేసి, బార్డోలీ రోడ్డు మీది గోల్ఫు క్లబ్బులో చేరాడని నీకు తెలుసు. సేట్లు ఆడుకునే కర్రల సంచులను తుడిచి సర్దిపెట్టే గదిలో పని. ఆ కర్రలకు చేత్తో పట్టుకునే చోట రబ్బరు తొడుగు ఉంటుంది, దాన్ని గ్రిప్పు అంటారు. చెమటకు, ఎండకు అది అరిగి నున్నగా అవుతుంది, మార్చాలి. ఆ పని చేసే మనిషి జూన్‌లో బొంబాయి వెళ్లిపోయాడు. మేనేజరు "కిసీ కో ఆతా హై క్యా?" అని, ఈ పని ఎవరికైనా వచ్చా అని అడిగితే మీ బావ చేయెత్తాడు. ఆయనకు రాదు. బాగా చేస్తే దివాలీకి పర్మినెంటు చేస్తానన్నాడట మేనేజరు, ఆ మాట వినగానే చెయ్యి దానంతటదే లేచిందట.

ఇప్పుడు ఆ కర్రలు మా ఇంట్లో, పని నా ఒళ్లో. పాత రబ్బరును వంకర కత్తితో నిలువుగా కోసి ఒలిచేస్తున్నాను. కింది బంకను గీకేసి, రెండు వైపులా అంటుకునే టేపు చుడుతున్నాను. ఇంతవరకు బాగానే ఉంది. కొత్త గ్రిప్పు ఎక్కిస్తే సగంలోనే పట్టేస్తుంది. లోపల ఏదో తడి పోయాలి. ఆ బొంబాయి మనిషి దగ్గర డబ్బా ఉండేదట, అది అయిపోయింది, దాని మీద పేరు కూడా చెరిగిపోయింది. సలాబత్‌పురాలో హార్డ్‌వేర్ దుకాణం అతను పెట్రోలు పొయ్యమన్నాడు. మాది ఒక్క గది, పొయ్యి అందులోనే. పెట్రోలు అంటే నాకు గుండె దడ. క్లబ్బులో ఎవరినైనా అడగమంటే మీ బావ తల దించుకుంటాడు. వచ్చని చెప్పినవాడు ఎట్లా అడుగుతాడు?

నువ్వు మగ్గాలకు ఎన్ని రబ్బర్లు, ఎన్ని తోళ్లు బిగించి ఉంటావు! ఏం పోయాలో రాయి. తొందరగా.

నీ చెల్లె
వినోద

*

సిరిసిల్ల
10 ఆగస్టు 2025

చెల్లె వినోదకు,

నీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ గేటు దగ్గర నా పేరు పెట్టి పిలిచాడట, నాకెక్కడ వినబడుతుంది? ప్రమీల తెచ్చి చేతిలో పెట్టింది. నాకు ఉత్తరం వచ్చిందని ఇంట్లో అందరూ వింతగా చూశారు. చదివి చాలా నవ్వుకున్నాను. కమలాకర్ బావ చేయెత్తడం, ఆ పనిలో నువ్వు చేతులు పెట్టడం, మీ పెళ్లి నాటి నుంచీ ఇదే వరస.

పెట్రోలు మాట ఎత్తకు. ఇల్లు తగలబెట్టుకుంటావా? గాసునూనె వాడు. సూరత్‌లో ఘాస్లేట్ అంటారే, ఆ కిరోసినే. రేషన్‌లో ఇప్పుడు రాకపోవచ్చు కానీ మగ్గాలు కడగడానికి ఏ కార్ఖానాలోనైనా ఒక డబ్బా ఉంటుంది. నా పేరు చెప్పి అడుగు, ఇస్తారు.

మగ్గంలో బట్టను లాగే రోలరు ఉంటుంది కదా, దానికి రబ్బరు తొడిగేటప్పుడు నేను వాడింది గాసునూనే. గ్రిప్పు అడుగున ఉన్న రంధ్రాన్ని వేలితో మూసి, లోపల పోసి బాగా కుదుపు. టేపు మీద కూడా పొయ్యి. ఒక్క ఊపులో నెట్టు. మధ్యలో అనుమానపడి ఆగావంటే అది అక్కడే కూర్చుంటుంది. నేను తొడిగిన రోలరు రబ్బరు ఏండ్లు గడిచినా వెంట్రుకంత కదలలేదు.

ఇవి ఫోన్లలో చూసి నేర్చుకునే పనులు కావు. చేసినవాణ్ణి అడగాలి. అడిగావు, మంచి పని చేశావు. ఇంకేం అనుమానమున్నా రాయి.

మీ అన్న
బిక్షపతి

*

లింబాయత్, సూరత్
2 సెప్టెంబరు 2025

అన్నా,

నువ్వు చెప్పినట్టే చేశాను. గ్రిప్పు సర్రున ఎక్కి కూర్చుంది. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆరు సంచుల పని అయిపోయి క్లబ్బుకు వెళ్లిపోయింది, సంచికి పదమూడు కర్రలు. గ్రిప్పు మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది, అది కర్ర ముఖానికి సరిగ్గా ఎదురుగా రావాలి. పోగులు చూసి పెరిగిన కన్ను కదా నాది, తేడా రానివ్వను. కతర్‌గామ్ వజ్రాల సేటు ఒకాయన వేరేవాళ్ల కర్ర పట్టుకుని చూసి "ఎవరిదీ చేతిపని?" అని అడిగాడట. మీ బావ నా పేరు చెప్పాడనుకున్నావా? తనదేనన్నాడు.

మన రాములు ఇప్పుడు అక్కడే పని చేస్తున్నాడు, సేట్ల వెంట సంచి మోస్తాడు. నీ కింద పదేళ్లు మగ్గం నడిపిన రాములే. మీ బావే పెట్టించాడు. మొన్న ఇంటికొచ్చి నేను చేస్తుంటే చూశాడు. "బిక్షపతన్న చెప్పిండా? గట్లయితే ఇగ రంది లేదు" అన్నాడు. వాళ్లావిడ సమ్మక్క నీకు, వదినకు దండాలు చెప్పమంది.

ఒక్క అనుమానం మాత్రం నన్ను తింటున్నది. మూడు రోజులైనా గ్రిప్పుల లోపలి వాసన పోవడం లేదు. నిన్న ఒక కర్రను గట్టిగా మెలిపెడితే గ్రిప్పు కాస్త తిరిగినట్టు అనిపించింది. మళ్లీ చూస్తే తిరగలేదు. నా భ్రమ అంటాడు మీ బావ. ఇంకో మూడు సంచులు ఇంట్లో ఉన్నాయి. నీ జవాబు వచ్చేదాకా వాటిని పంపను. పంపమంటావా, ఆపమంటావా?

వినోద

*

సిరిసిల్ల
8 సెప్టెంబరు 2025

చెల్లె వినోదకు,

నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే, గొళ్లెం వేసి మూడుసార్లు లాగి చూసేదానివి. వాసనకేముంది, నూనె అన్నాక నాలుగు రోజులు ఉంటుంది. ఒక పూట ఎండలో పెట్టి పంపేయి. పట్టుకుంటుంది.

నీ ఉత్తరం చాయ్ హోటల్లో నలుగురికీ చూపించాను. సూరత్ సేట్లు ఆడుకునే కర్రలకు మన ఇంట్లో రబ్బరు ఎక్కుతున్నదని, చెప్పింది నేనని, అక్కడ రోజూ కూర్చునే రఘుపతి గట్టిగా చదివాడు. నాకు వినబడలేదు గాని వాళ్ల మొహాలు చూశాను.

సేటు అడిగినప్పుడు నీ పేరు చెప్పమను బావను. లేకపోతే నా పేరన్నా చెప్పమను.

మీ అన్న
బిక్షపతి

*

లింబాయత్, సూరత్
22 సెప్టెంబరు 2025

అన్నా,

నిన్న ఆదివారం పొద్దున కర్ర ఎగిరి రాములు మొహానికి తగిలింది. ఎడమ కన్ను. ఆసుపత్రిలో ఉన్నాడు. కన్ను ఉంటుందో పోతుందో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు.

కొట్టింది కతర్‌గామ్ సేటు. బలంగా తిప్పి కొట్టేటప్పుడు కర్ర మొత్తం చేతిలోంచి ఎగిరిపోయింది. చెమటకు చెయ్యి తప్పిందన్నాడు ఆయన. నిజంగానే అట్లా అనుకున్నాడు, ఆయనను అనడానికేం లేదు. క్లబ్బు వాళ్లు మాత్రం రాములు నిలబడకూడని చోట నిలబడ్డాడని కాగితం రాసుకున్నారు. దాని అర్థం నీకు తెలుసు. తప్పు వాడిది, వైద్యం వాడి ఖర్చు.

మీ బావ ఆ కర్రను ఎవరికీ చూపించకుండా గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. చేతిలోకి తీసుకున్నాను. గ్రిప్పు గిర్రున తిరిగింది. లాగితే ఊడి నా చేతిలోకి వచ్చింది. లోపల టేపు ఇంకా జిడ్డుగా ఉంది. గాసునూనె వాసన.

"నోరు మూసుకో. ఎవ్వలకన్న చెప్పినవంటే మనం రోడ్డు మీద పడ్తం" అన్నాడు మీ బావ. ఆయన్ను అంత భయంతో నేనెప్పుడూ చూడలేదు.

ఇంకా ఎనిమిది సంచులు సేట్ల దగ్గర ఉన్నాయి, కొందరు ఇళ్లకు తీసుకెళ్లారు, మన చేతికి రావు. అక్టోబరు పన్నెండున క్లబ్బులో పెద్ద పోటీ. అన్ని సంచులూ మైదానంలోకి దిగుతాయి, పిల్లాజెల్లా చూడటానికి వస్తారు.

నాకు ఒక్కటే తెలియాలి. నీ రోలర్ల రబ్బరు గాసునూనెతో ఏండ్ల తరబడి నిలిచిన మాట నిజమైతే, తప్పు నేను చేసిన ఆ ఒక్క కర్రలో ఉంది. నిజం కాకపోతే అన్ని కర్రలూ అట్లాంటివే. నువ్వు నిజంగా గాసునూనెతో తొడిగావా? అవునా, కాదా? ఒక్క ముక్క రాయి.

వినోద

*

సిరిసిల్ల
27 సెప్టెంబరు 2025

వినోదకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. నువ్వు కూడా నావి కాల్చేయి. ఇట్లాంటి సంగతులు కాగితం మీద పెడతారా ఎవరైనా? రేపు ఎవరి చేతిలోనైనా పడితే?

టేపు సరిగ్గా చుట్టి ఉండవు. కింది బంక పూర్తిగా గీకావా? ఎండలో పెట్టమన్నాను, పెట్టావా? నేను చెప్పిన దానిలో నువ్వు ఏది వదిలేశావో నాకేం తెలుసు. వేయి కిలోమీటర్ల అవతల కూర్చున్న నన్ను నిలదీస్తే ఏం లాభం?

బావ చెప్పినట్టు విను. దివాలీ దాకా నోరు మెదపకు. పర్మినెంటు అయ్యాక చూసుకోవచ్చు. రాములుకు కన్ను ఏమీ కాదు, గట్టివాడు. నేను దేవుడికి మొక్కుకున్నాను.

బిక్షపతి

*

లింబాయత్, సూరత్
3 అక్టోబరు 2025

అన్నా,

నీ ఉత్తరాలు కాల్చలేదు. మూడూ ముందు పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. టేపు చుట్టమన్న చోట చుట్టాను. బంక గోళ్లు అరిగేదాకా గీకాను. ఎండలో ఒక పూట కాదు, రెండు రోజులు పెట్టాను. నువ్వు "పంపేయి" అన్నాకే పంపాను. ఆ కతర్‌గామ్ సేటు కర్ర మొదటి ఆరు సంచుల్లోది కాదు. నీ జవాబు కోసం నేను ఇంట్లో ఆపిన మూడింట్లోది.

రాములుకు కన్ను తీసేశారు. మంగళవారం.

ఆసుపత్రికి వెళ్లాను. సమ్మక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. "నిలవడద్దన్న కాడ నిలవడ్డడంట వదినా, గిదేం బుద్ధి ఈయనకు" అని మొగుణ్ణే తిడుతున్నది. రాములు కట్టు కింద నుంచి "నేను సరిగ్గనే నిలవడ్డనే, యాది ఉన్నది నాకు" అంటున్నాడు. ఆమె నమ్మడం లేదు. నేను అక్కడే నిలబడి విన్నాను. ఆయన సరైన చోటే నిలబడ్డాడని నాకు తెలుసు. అయినా నోరు రాలేదు. నా మీద నాకు అసహ్యమేసింది.

నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. కాని ఏం చెప్పాలి? అన్నీ తప్పు అంటే మీ బావ కొలువు ఆ క్షణమే పోతుంది. ఒక్కటే తప్పు అంటే మిగతావి అట్లాగే ఆడతారు. మీ బావ ఆ ఒక్కటే అంటున్నాడు. మిగతావి నా చేతిలో లేవు, మెలిపెట్టి చూడటానికి. అందుకే నిన్ను అడిగాను. నువ్వు దేనికీ జవాబు చెప్పకుండా నన్ను ప్రశ్నలు అడిగావు.

పోటీ పన్నెండో తారీఖు. స్పీడ్ పోస్టులో రాయి. ఈసారి కూడా అవునో కాదో చెప్పకపోతే, ఇక నీకు రాయను. నువ్వు చచ్చినా బతికినా నాకు వదినే చెప్పాలి.

వినోద

*

సిరిసిల్ల
7 అక్టోబరు 2025

చెల్లె,

కాదు.

నేను ఏ రోలరుకూ ఎన్నడూ రబ్బరు తొడగలేదు. మా కార్ఖానాలో ఆ పనికి కంపెనీ మనిషి వచ్చేవాడు. వాడు ఏదో డబ్బాలోంచి పోయడం దూరం నుంచి చూశాను. అందులో ఏముందో నాకు తెలియదు. మేము ఏది కడిగినా గాసునూనెతోనే కడిగేవాళ్లం, అదీ అదే అయి ఉంటుందనుకున్నాను. అనుకున్నదాన్ని చేసినట్టు రాశాను.

గాసునూనె తొందరగా ఆరదని, జిడ్డు మిగులుతుందని మగ్గం కడిగినవాళ్లకు తెలుసు, మొదటి ఉత్తరం రాసినప్పుడు నాకు తట్టలేదు. వాసన పోలేదని నువ్వు రాసిన రోజునే నాకు సంగతి అర్థమైంది. ఆపమని రాయడానికి కూర్చున్నాను. ఆపమంటే మొదటి ఉత్తరం తప్పని ఒప్పుకోవాలి. అప్పటికే చాయ్ హోటల్లో గొప్పలు చెప్పుకున్నాను. పంపేయమని రాశాను. ఇది తెలియక చేసింది కాదు, చెల్లె. మొదటిది తెలియక చేశాను, రెండోది తెలిసే చేశాను.

ఎందుకు అని అడుగుతావు. ఇక్కడ నన్నెవరూ ఏదీ అడగరు. మోటారు చెడిపోతే నా కొడుకు నా ముందునుంచే వెళ్లి వేరేవాణ్ణి పిలుచుకొస్తాడు. వాణ్ణి తప్పు పట్టను. నాతో మాట్లాడాలంటే అరవాలి, రోజూ అరవడానికి ఎవరికి ఓపిక ఉంటుంది? నీ ఉత్తరంలో "ఏం పోయాలో రాయి" అని ఉంది. ఇక్కడికొచ్చాక నన్ను ఒకరు పని సంగతి అడగడం అదే మొదటిసారి. తెలియదు అని రాయడానికి నా చెయ్యి రాలేదు.

అన్ని కర్రలూ తప్పే. ఒక్కటి కూడా ఆడనివ్వకు. ఈ ఉత్తరం తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టు. కవరు వెనుక నా పూర్తి పేరు, ఇంటి నంబరు రాశాను. బావ నన్ను తిడతాడు, తిట్టనివ్వు.

రాములుకు ఇది మొత్తం చదివి వినిపించు. నన్ను కాపాడటానికి ఏ ముక్కా దాటెయ్యకు. వాడు ఏమంటాడో ఒక్క మాట వదలకుండా రాసి పంపు. నేను వచ్చి ఎదురుగా నిలబడితే వాడు ఎన్ని తిట్టినా నాకు వినబడదు, తప్పించుకున్నట్టే అవుతుంది. కాగితం మీదైతే చదవక తప్పదు. అది చదివాక బయలుదేరి వస్తాను.

బిక్షపతి

*

లింబాయత్, సూరత్
16 అక్టోబరు 2025

అన్నా,

నీ ఉత్తరం పదకొండో తారీఖు శనివారం పొద్దున పదింటికి వచ్చింది. మీ బావకు చదివి వినిపించాను. వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "రేపు ఎవల పిల్లలకన్న తాకితే నువ్వు నిద్రపోతవా?" అని అడిగాను. కాసేపటికి చెప్పులేసుకుని తనే ముందు నడిచాడు.

క్లబ్బు సెక్రటరీ ముందు నీ ఉత్తరం పెట్టాను. తెలుగు ఆయనకు రాదు. నేనే హిందీలో చెబుతూ చదివాను. రెండోది తెలిసే చేశానన్న ముక్కను కూడా దాటెయ్యకుండా చదివాను. మేనేజరు లోపలికెళ్లి, పోటీ కోసం అప్పటికే వచ్చిన ఒక సంచి తెచ్చాడు. మొదటి కర్ర మెలిపెడితే ఏమీ కాలేదు. మీ బావ నా వైపు చూశాడు. రెండోది తిరిగింది. మూడోది తిరిగింది. అయిదోది ఊడి మేనేజరు చేతిలోకి వచ్చింది. ఆ సాయంత్రమే సేట్లందరికీ ఫోన్లు వెళ్లాయి. పోటీ ఆ సంచులు లేకుండానే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

సోమవారం నుంచి రావద్దన్నారు మీ బావను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్నటి నుంచి ఉధ్నాలో ఒక కార్ఖానాలో మగ్గం మీద నిలబడుతున్నాడు. రాములు నిలబడకూడని చోట నిలబడ్డాడన్న కాగితాన్ని మాత్రం సెక్రటరీ నా ముందే కొట్టేశాడు. వైద్యం వాళ్లే చూసుకుంటారట.

తర్వాత రాములు దగ్గరికి వెళ్లాను. ఇంటికొచ్చాడు, మంచం మీద ఉన్నాడు. నీ ఉత్తరం మొత్తం చదివాను. నా తప్పు కూడా చెప్పాను, ఆసుపత్రిలో నోరు మూసుకున్నది. సమ్మక్క లేచి బయటికెళ్లిపోయింది. "అన్న ఒక్క మాట వదలకుండా రాయమన్నాడు" అని రాములు ముందు పెన్ను తీశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"బిక్షపతన్నా. నీ కింద పదేండ్లు పని చేసిన. మగ్గాల చప్పుడుల మాట వినరాకపోతుండె. నువ్వు చెయ్యి ఊపి సైగ చేస్తుంటివి, మేం తలకాయ ఊపుతుంటిమి. తెల్వదు అని నువ్వు ఒక్కనాడు సైగ చేయంగ సూడలేదు. నీకు అన్ని ఎరుకే అనుకున్నం. ఇప్పుడు రాస్తున్నవు తెల్వదని. నా కన్ను తీసినంక.

"వినోద అడిగిన్నాడే గా ఒక్క ముక్క రాస్తే నీదేం పోతుండె? ఇంట్ల ఎవ్వలు అడుగుతలేరంటివి. నన్ను మాత్రం ఎవలు అడిగిన్రు? నిలవడ్డ కాడ తప్పు అన్నరు, నా పెండ్లామే నమ్మింది. ఇరవై దినాలు నా ఇంట్లనే నేను అబద్ధాలోన్ని అయిన. కన్ను పోయినదానికంటె గదే నన్ను ఎక్కువ కోసింది.

"వస్త అని రాసినవు. ఇప్పుడే రాకు. నువ్వు ఎదురుంగ వచ్చి చెయ్యి ఊపితె నాకు పాత అలవాటు, తలకాయ ఊప్త. మాఫ్ చేసిన అనుకుంటవు. నేను చెయ్యలేదు. నీ ముంగట తలకాయ ఊపకుండ కూసునుడు నాకు రావాలె. గది వచ్చిన్నాడు నేనే కబురు వెడ్త. అప్పుడు రా."

ఇంతే చెప్పాడు. మళ్లీ చదివి వినిపించమన్నాడు, వినిపించాను. సంతకం తనే పెడతానని పెన్ను తీసుకున్నాడు. ఒక్క కంటితో రాయడం ఇంకా అలవాటు కాలేదు, అక్షరాలు గీత దాటి పోయాయి. ఇంకో కాగితం ఇస్తానంటే వద్దన్నాడు.

వినోద

రాములు